యంత్రదోషాన్వేషి గ్రేస్ హాపర్

ఇతరులలోని దోషాలను వెదికే స్వభావాన్ని లోకం హర్షించదు. పరదోషాన్వేషణను మన పెద్దలు అవగుణాలలో ఒకటిగా లెక్కించారు. అయితే వైద్యశాస్త్రంలో రోగనిదానం ఎటువంటిదో యంత్రశాస్త్రంలో దోషాన్వేషణం అటువంటిది. అదొక విద్య. చక్కగా నడుస్తున్న యంత్రం హఠాత్తుగా ఆగిపోయినప్పుడు విసుగు చెందక, అదృష్టాన్ని నిందించక, ఆగిపోవడానికి గల హేతువును ఓర్పుతో వెదికి పట్టుకొనేవారే ఆ యంత్రాన్ని నిజంగా ఎరిగినవారు. కంప్యూటర్లు రూపుదిద్దుకొంటున్న తొలినాళ్లలో ఈ విద్యను స్వయంకృషితో అభ్యసించి, తన తరానికీ తరువాతి తరాలకూ నేర్పిన విదుషీమణి గ్రేస్ హాపర్. గణితాధ్యాపకురాలిగా, నౌకాదళ అధికారిణిగా, కంప్యూటర్ భాషల రూపకర్తగా ఆమె జీవితం బహుముఖీనమైనది.

గ్రేస్ 1906 డిసెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించారు. తండ్రి వాల్టర్ ముర్రే బీమా వ్యాపారి. తల్లి మేరీకి గణితమంటే మక్కువ. ఆ కాలంలో స్త్రీలకు ఉన్నత గణితం చదివే అవకాశం అరుదు కావడం వల్ల ఆ కోరిక ఆమెలోనే ఉండిపోయింది. మాతామహుడు నగరంలో భూములు కొలిచే సర్వేయరు. ఆ ఇంటి ముగ్గురు పిల్లలలో గ్రేస్ పెద్దది. కుమార్తెలకు కుమారునితో సమానంగా చదువు చెప్పించాలన్నది తండ్రి సంకల్పం.

ఏడేళ్ల ప్రాయంలో ఆమె చేసిన ఒక పని భావిజీవితానికి సూచనవలె కనిపిస్తుంది. అలారం గడియారం ఎలా మోగుతుందో తెలుసుకోవాలన్న కుతూహలంతో ఆ బాలిక ఒక గడియారాన్ని విప్పింది. విప్పిన భాగాలను తిరిగి అమర్చడం చేతకాలేదు. ఎలా అమర్చాలో చూచుకొందామని రెండవ గడియారాన్ని విప్పింది. ఈ విధంగా ఇంటిలోని ఏడు గడియారాలూ ముక్కలయ్యాయి. తల్లి ఆమెను దండించలేదు. ఇకమీదట ఒక్క గడియారంతోనే ప్రయోగాలు చేసుకొమ్మని కట్టడి చేసింది. కుతూహలాన్ని చంపకుండా దానికొక హద్దు ఏర్పరచిన ఆ తల్లి వివేకం గమనింపదగినది.

పదహారేళ్ల వయస్సులో వాస్సార్ కళాశాలలో ప్రవేశం కోరినప్పుడు లాటిన్ భాషలో మార్కులు చాలనందున ఆమెకు చోటు లభించలేదు. మరుసటి ఏడు తిరిగి ప్రయత్నించి చేరారు. 1928లో గణిత, భౌతిక శాస్త్రాలలో పట్టభద్రురాలై, యేల్ విశ్వవిద్యాలయంలో 1930లో ఎం.ఏ., 1934లో గణితంలో డాక్టరేటు పొందారు. 1930లో విన్సెంట్ హాపర్‌ను వివాహమాడారు. 1931 నుంచి వాస్సార్ కళాశాలలోనే గణితం బోధించసాగారు.

రెండవ ప్రపంచ యుద్ధం ఆమె జీవితగమనాన్ని మార్చివేసింది. 1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగింది. నౌకాదళంలో చేరాలని హాపర్ నిశ్చయించుకొన్నారు. వయస్సు మించిందని, శరీరపు బరువు నియమితమైన దానికంటె 15 పౌండ్లు తక్కువని, గణితాధ్యాపకులుగా ఉండడమే దేశానికి ఎక్కువ ఉపయోగమని అధికారులు అభ్యంతరాలు చెప్పారు. ఆమె పట్టు విడువక ప్రత్యేకానుమతి సంపాదించి 1943 డిసెంబరులో నౌకాదళ రిజర్వులో చేరారు. శిక్షణలో ప్రథమస్థానం పొంది, 1944 జూలైలో కేంబ్రిడ్జిలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి బదిలీ అయ్యారు. అక్కడ హోవర్డ్ ఏకెన్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో నౌకాదళం కోసం గణనలు చేసే ఒక మహాయంత్రం ఆమె కోసం ఎదురుచూస్తున్నది.

ఆ యంత్రం పేరు మార్క్-1. 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, దాదాపు 5 టన్నుల బరువు. అందులోని భాగాలు ఏడున్నర లక్షలకు పైమాటే. లోపల చుట్టిన తీగ సుమారు 500 మైళ్లు. కాగితపు టేపుపై రంధ్రాల రూపంలో ఇచ్చిన ఆదేశాలను వరుసగా చదువుకొంటూ సెకనుకు మూడు కూడికలు చేయగలిగేది. ఒక గుణకారానికి ఆరు సెకన్లు, భాగహారానికి పదిహేను సెకన్లు పట్టేది. నేటి విద్యార్థి చేతిలోని చిన్న కాలిక్యులేటరుతో పోల్చినా ఇది నత్తనడకే. కాని ఆనాటి నౌకాదళానికి ఫిరంగుల గురి, అయస్కాంత మందుపాతరల ప్రభావం వంటి విషయాలను లెక్కకట్టడానికి అదే ఆధారం. ఒక అంకె తప్పితే దాని పర్యవసానం సముద్రంపైనున్న నావికుల ప్రాణాలపై పడుతుంది. అందువల్ల యంత్రం రేయింబవళ్లు ఆగకుండా నడవాలి. నడిచినంతసేపు తప్పు లేకుండా నడవాలి.

ఈ రెండూ కష్టసాధ్యాలే. మార్క్-1లో వేలకొద్దీ రిలేలు ఉండేవి. రిలే అంటే విద్యుదయస్కాంతం చేత పనిచేసే స్విచ్. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించగానే లోహపు రేకు ఆకర్షితమై, రెండు మొనలు తాకి మార్గం ఏర్పడుతుంది. ఆ మొనల నడుమ ధూళికణం చేరినా, మొనలు అరిగినా, రేకు కొద్దిగా వంగినా మార్గం ఏర్పడదు. అటువంటి లోపం ఎల్లవేళలా ఒకే రీతిగా ఉంటే పట్టుకోవడం సులభం. ఒకసారి సరిగా పనిచేసి మరొకసారి విఫలమయ్యే రిలేను పట్టుకోవడమే దుస్తరం. వైద్యుడు వచ్చే వేళకు తగ్గిపోయే జ్వరం వంటిదది.

దీనికి తోడు మరొక చిక్కు. యంత్రం తప్పు ఫలితం ఇచ్చినప్పుడు ఆ తప్పు యంత్రభాగానిదా, ఆదేశాలు రాసిన మనిషిదా అన్నది వెంటనే తేలదు. హాపర్, ఆమె సహచరులు రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ క్యాంప్‌బెల్ ఈ సంశయంతోనే నిత్యం కుస్తీ పట్టారు. ఒక ఫలితాన్ని వేరొక మార్గంలో మళ్లీ గణించి, రెండింటి నడుమ తేడా హద్దు మీరితే యంత్రం తనంతట తానే ఆగిపోయేటట్లు ఆదేశాలలోనే తనిఖీలు చేర్చేవారు. ఆగిన చోటు తెలిస్తే వెదకవలసిన మేర తగ్గుతుంది. ముందుగా జవాబు తెలిసిన లెక్కను ఇచ్చి చూస్తే భాగాలు సరిగా ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. భాగాలు సరిగా ఉన్నాయని తేలితే తప్పు టేపులో ఉన్నట్లే. ఇలా అవకాశాలను ఒక్కొక్కటిగా తొలగించుకొంటూ పోవడమే వారి పద్ధతి. ఈ అనుభవం ఫలితంగా ఆ యంత్రాన్ని నడిపే విధానాన్ని వివరిస్తూ 500 పుటలకు మించిన గ్రంథం 1946లో వెలువడింది. దాని రచనలో ప్రధానభాగం హాపర్‌దే.

యుద్ధానంతరం అదే బృందం నౌకాదళానికి మార్క్-2 అనే మరొక యంత్రాన్ని నిర్మించింది. ఇందులో దాదాపు 13,000 రిలేలు ఉన్నాయి. 1947 సెప్టెంబరు 9వ తేదీన ఆ యంత్రం దినచర్య పుస్తకంలో నమోదైన వివరాలు నేటికీ లభిస్తున్నాయి. ఆనాటి ఉదయం 8 గంటలకు యంత్రాన్ని ప్రారంభించి 10 గంటలకు ఆపారు. కొన్ని రిలేలు వేగపరీక్షలో విఫలమైనట్లు గుర్తించి వాటిని మార్చారు. 11 గంటలకు త్రికోణమితికి చెందిన ఒక టేపును పరీక్షగా నడిపారు. మధ్యాహ్నం 3 గంటల 25 నిమిషాలకు కూడికలు చేసే విభాగాన్ని పరీక్షించడం మొదలుపెట్టారు. 3 గంటల 45 నిమిషాలకు అసలు విషయం బయటపడింది. ఎఫ్ అనే పలకలోని 70వ రిలే మొనల నడుమ ఒక చిమ్మట చిక్కుకొని మరణించి ఉన్నది!

యంత్రంలోని అంతుచిక్కని లోపాన్ని ఇంజనీర్లు అప్పటికే ‘బగ్’, అనగా పురుగు, అని వ్యవహరించేవారు. 1878లోనే థామస్ ఎడిసన్ ఒక లేఖలో ఆ మాటను ఈ అర్థంలో వాడాడు. ఇంతకాలం మాటవరసకు అంటున్న పురుగు నిజంగానే కంటబడేసరికి మార్క్-2 సిబ్బందికి నవ్వు ఆగలేదు. ఆ చిమ్మటను దినచర్య పుస్తకంలో టేపుతో అతికించి, నిజమైన పురుగు దొరికిన మొదటి సందర్భం ఇదేనని చమత్కారంగా రాశారు. సాయంత్రం 4 గంటల 30 నిమిషాలకు మళ్లీ గణన ప్రారంభించి, 5 గంటలకు యంత్రాన్ని కట్టివేశారు. ఆ పుట చిమ్మటతో సహా వాషింగ్టన్‌లోని జాతీయ అమెరికన్ చరిత్ర ప్రదర్శనశాలకు చేరింది.

ఆ పురుగును హాపర్ స్వయంగా పట్టుకొన్నారని చాలామంది భావిస్తారు. నిజానికి పట్టుకొన్నవారు యంత్రాన్ని నడుపుతున్న ఆమె సహచరులు. ఆ కథను తన ఉపన్యాసాల ద్వారా లోకానికి చాటినవారు హాపర్. లోపాలను వెదికి తొలగించడాన్ని ‘డీబగింగ్’ అనడం కంప్యూటర్ రంగంలో స్థిరపడడానికి ఆ కథ ఎంతగానో తోడ్పడింది. అయితే ఆ పుటలో హాస్యానికి మించిన విలువ మరొకటి ఉన్నది. ఏ వేళకు ఏమి జరిగినది, ఏ భాగాన్ని మార్చినది, మార్చిన తరువాత దేనిని పరీక్షించినది అన్నీ అందులో వరుసగా ఉన్నాయి. ఉదయం రిలేలు మార్చి అంతటితో సంతృప్తి చెంది ఉంటే మధ్యాహ్నం చిమ్మట దొరికేది కాదు. బాగుచేశామనుకొన్న తరువాత కూడా పరీక్షించడం వారి నియమం.

హార్వర్డ్ కాలం హాపర్‌కు కీర్తితో పాటు కష్టాలనూ తెచ్చింది. 1945లో వివాహబంధం విచ్ఛిన్నమైంది. విశ్వవిద్యాలయంలోని ఉద్యోగం గడువుతో కూడినది. విరామమెరుగని శ్రమ, భవిష్యత్తును గురించిన దిగులు ఆమెను మద్యపానం వైపు నడిపించాయి. హితైషులు ఆందోళన చెంది హెచ్చరించారు. నలభై ఏళ్లు దాటిన వయస్సులో ఎంతోమంది అక్కడితో వెనుదిరిగేవారు. ఆమె మాత్రం ఆ దశను అధిగమించి, కొత్త రంగంలో తన ఉత్తమ కృషిని కొనసాగించారు.

1949లో ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ సంస్థలో ఆమె చేరారు. అక్కడ తయారవుతున్న యూనివాక్ యంత్రంలో రిలేలకు బదులు దాదాపు 5,000 వాక్యూమ్ ట్యూబులు ఉన్నాయి. వేగం వేల రెట్లు పెరిగింది. ట్యూబులు కూడా చెడిపోయేవే. అందుచేత నిర్మాతలు గణన విభాగంలోని ముఖ్యమైన భాగాలను జంటగా అమర్చి, రెండింటి ఫలితాలు ఏకీభవించకపోతే యంత్రం ఆగిపోయే ఏర్పాటు చేశారు. ఈ విధంగా యంత్రభాగాల దోషాలకు కాపలా ఏర్పడింది. మనుషుల దోషాలకు మాత్రం కాపలా లేదు.

ఆ రోజులలో తరచుగా అవసరమయ్యే గణనలకు ఆదేశాల వరుసలను ముందే రాసి, పరీక్షించి, నోటుపుస్తకాలలో భద్రపరచుకొనేవారు. కొత్త ప్రోగ్రామ్ రాసేటప్పుడు వాటిని చూచి చేతితో ఎత్తి రాసేవారు. ఎత్తి రాయడంలోనే తప్పులు దొర్లేవి. ఖాళీని సూచించే త్రికోణపు గుర్తు తొందరలో 4 అంకెగా మారేది. ఆంగ్లాక్షరం ‘బి’ 13గా కనిపించేది. మన తాళపత్ర గ్రంథాలకు ప్రతులు తీసిన వ్రాయసకాండ్రు ‘ప’కారాన్ని ‘వ’కారంగా పొరబడి పాఠభేదాలకు కారకులైనట్లే ఇదీను. కావ్యంలో ఒక అక్షరం మారితే పండితులు సందర్భాన్ని బట్టి సవరించుకోగలరు. యంత్రానికి సందర్భజ్ఞానం లేదు. ఉన్నది ఉన్నట్లు చదివి తప్పుదారి పడుతుంది, లేదా ఆగిపోతుంది.

ప్రతులు తీయడంలో మనిషి పొరబడతాడు, యంత్రం పొరబడదు. అటువంటప్పుడు ఆ పనిని యంత్రానికే ఎందుకు అప్పగించకూడదు? హాపర్ ఆలోచన ఇది. పరీక్షించిన ఆదేశాల వరుసలకు సంఖ్యలు కేటాయించి, టేపుపై నిక్షేపించి, సంఖ్య చెప్పగానే కంప్యూటరే వాటిని ఎంచుకొని ఒకచోట కూర్చుకొనేటట్లు 1952 నాటికి ఒక ప్రోగ్రామ్ రూపొందించారు. దానికి ఏ-0 అని పేరు. కంపైలర్ల చరిత్రలో తొలి అడుగులలో ఒకటిగా దానిని పరిగణిస్తారు. కంప్యూటర్ లెక్కలు మాత్రమే చేయగలదు, ప్రోగ్రాములు రాయలేదని నమ్మినవారు తొలుత ఆమె మాటను విశ్వసించలేదు.

అక్కడితో ఆమె తృప్తి పడలేదు. వ్యాపారసంస్థల ఉద్యోగులకు గణితచిహ్నాలు అలవాటు లేవు. అలవాటు లేని భాషలో రాసినవారికి తప్పులు సహజం. వాడుక మాటలలోనే ఆదేశాలు రాయగలిగితే తప్పులు తగ్గుతాయి, దొర్లిన తప్పు ఇట్టే కంటికి కనబడుతుంది. ఈ ఉద్దేశంతో ఆంగ్లపదాలతో కూడిన ఫ్లో-మాటిక్ అనే భాషను ఆమె బృందం సృష్టించింది. పదాలను మార్చడం ఎంత తేలికో నిరూపించడానికి అదే ప్రోగ్రామ్‌ను ఫ్రెంచి, జర్మన్ పదాలతో కూడా నడిపి చూపారు. అమెరికాలో తయారైన యంత్రానికి పరభాషలు తెలియడమేమిటని యాజమాన్యం బెదిరిపోయింది!

1959 మే నెలలో అమెరికా రక్షణశాఖ ఆధ్వర్యంలో ప్రభుత్వ, పారిశ్రామిక ప్రతినిధులు సమావేశమై, అన్ని కంప్యూటర్లకూ సరిపడే ఒక వాణిజ్యభాష కావాలని నిర్ణయించారు. అలా రూపొందినదే కోబాల్. దానికి ఫ్లో-మాటిక్ ముఖ్యమైన ఆధారం. హాపర్ ఆ కృషికి సలహాదారులు. కోబాల్ ప్రోగ్రామ్‌లో యంత్రానికి సంబంధించిన వివరాలకు ఒక ప్రత్యేక విభాగం ఉంటుంది. యంత్రం మారితే ప్రధానంగా ఆ విభాగాన్ని మార్చుకొంటే సరిపోవాలన్నది దాని ఉద్దేశం. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామ్‌ను రెండు వేర్వేరు సంస్థల యంత్రాలపై నడిపి, ఇది సాధ్యమేనని నిరూపించారు.

1966 చివర హాపర్ నౌకాదళ రిజర్వు నుంచి పదవీవిరమణ చేశారు. దాదాపు ఏడు నెలలకు, 1967 ఆగస్టులో నౌకాదళం ఆమెను ఆరు నెలల పనికని తిరిగి పిలిచింది. ఆ ఆరు నెలలు దాదాపు రెండు దశాబ్దాలుగా సాగాయి. కోబాల్ పేరుతో సంస్థలు అమ్ముతున్న కంపైలర్లు ఒకదానితో మరొకటి ఏకీభవించకపోవడమే ఆనాటి సమస్య. ఒకదానిపై నడిచిన ప్రోగ్రామ్ మరొకదానిపై ఆగిపోయేది. హాపర్ నేతృత్వంలోని బృందం కంపైలర్లను పరీక్షించే ప్రోగ్రాములను తయారుచేసింది. అమ్మేవాని మాటను నమ్మి కొనే బదులు పరీక్షించి స్వీకరించే సంప్రదాయం దీనివల్ల బలపడింది.

హాపర్ ఎన్ని పదవులు నిర్వహించినా బోధన పట్ల అనురక్తి కోల్పోలేదు. సెకనులో వందకోట్లవ వంతును నానోసెకను అంటారు. ఆ వ్యవధిలో కాంతి దాదాపు 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అంత పొడవు గల తీగముక్కలను సభలలో పంచిపెట్టి, సందేశాలు ఉపగ్రహం మీదుగా రావడానికి ఆలస్యమెందుకో సేనానులకు సైతం కంటికి కట్టినట్లు వివరించేవారు. 1985లో రియర్ అడ్మిరల్ హోదా పొందారు. 1986 ఆగస్టు 14వ తేదీన 79 ఏళ్ల వయస్సులో పదవీవిరమణ చేసేనాటికి నౌకాదళంలో విధులు నిర్వహిస్తున్న అధికారులందరిలో ఆమే వయోధికురాలు. 1992 జనవరి 1వ తేదీన కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అమెరికా నౌకాదళం ఒక యుద్ధనౌకకు ఆమె పేరు పెట్టింది. 2016లో ఆ దేశపు అత్యున్నత పౌరపురస్కారాలలో ఒకటైన అధ్యక్ష స్వేచ్ఛాపతకం మరణానంతరం ఆమెకు లభించింది.

రిలేలు, ట్యూబులు పోయి నఖప్రమాణమైన చిప్‌లు వచ్చాయి. అయినా కంప్యూటర్లు నేటికీ హఠాత్తుగా ఆగిపోతూనే ఉన్నాయి. కంప్యూటర్‌కూ, దానికి కలిపిన ప్రింటర్ వంటి పరికరాలకూ నడుమ దుబాసీ వలె పనిచేసే ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటారు. దుబాసీ తప్పు చెబితే ఇరుపక్షాలూ మంచివైనా వ్యవహారం చెడుతుంది. డ్రైవర్‌లో దోషమున్నా, మెమరీ చిప్ చెడినా, ఫ్యాన్‌లో దుమ్ము చేరి వేడి పెరిగినా పైకి కనిపించే లక్షణం ఒక్కటే. కంప్యూటర్ పదేపదే ఆగిపోతుంది. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతాసంస్థ పంపిన ఒక దోషయుక్తమైన సవరణ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయాయి. విమానాలు రద్దయ్యాయి, ఆసుపత్రుల సేవలకు అంతరాయం కలిగింది. డ్రైవర్ స్థాయిలో నడిచే ఆ సంస్థ ప్రోగ్రామ్ 20 అంశాలు అందించే చోట కొత్త సవరణ 21వ అంశం కోసం వెదికింది. ఒక్క అంశం తేడాయే అందుకు మూలకారణం.

ఇటువంటి వేళ అనుసరించవలసిన మార్గం మార్క్-2 దినచర్య పుస్తకంలో ఉన్నదే. ఎప్పుడు ఆగినదీ, తెరపై ఏ సందేశం వచ్చినదీ రాసుకోవాలి. అంతకుముందు కొత్తగా చేర్చినదేమిటో జ్ఞాపకం చేసుకోవాలి. కొత్త డ్రైవర్ అయితే దానిని తొలగించి పాతదానిని నిలపాలి. అదనపు పరికరాలను ఊడదీసి చూడాలి. మెమరీ పలకలు రెండుంటే ఒక్కొక్కదానినే అమర్చి పరీక్షించాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే కంప్యూటర్ బాగుపడినా కారణం తెలియదు, కారణం తెలియని లోపం మళ్లీ తలెత్తుతుంది.

గడియారాలను విప్పిన బాలిక నాటి కుతూహలాన్ని ఎనభై ఏళ్ల ప్రాయం వరకు నిలుపుకొన్న గ్రేస్ హాపర్, లోపం కనిపించినప్పుడల్లా దానిని తొలగించడంతో ఆగక, అది తిరిగి పుట్టని ఉపాయం కోసం వెదికారు. నేడు కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతి విద్యార్థీ ఆ శ్రమఫలాన్ని అనుభవిస్తున్నవాడే.

కఠిన పదాలు – అర్థాలు

నిదానం = రోగకారణాన్ని నిర్ణయించడం
హేతువు = కారణం
విదుషీమణి = శ్రేష్ఠురాలైన పండితురాలు
దుస్తరం = దాటడానికి కష్టమైనది
పర్యవసానం = ఫలితం
వ్రాయసకాడు = ప్రతులు రాసే లేఖకుడు
పాఠభేదం = ప్రతికీ ప్రతికీ మధ్య కనిపించే పదాల తేడా
దుబాసీ = ఇరుభాషలవారి నడుమ మాటలు అనువదించి చెప్పేవాడు
నఖప్రమాణం = గోరంత పరిమాణం

ప్రశ్నలు

1. మార్క్-2 యంత్రంలోని లోపాన్ని సిబ్బంది కనుగొన్న తీరును వివరించండి.
2. మానవ సహజమైన పొరపాట్లను తగ్గించడానికి గ్రేస్ హాపర్ చేసిన కృషిని విశదీకరించండి.
3. రిలే పనిచేసే విధానాన్ని, అందులో లోపాలు ఏర్పడే కారణాలను తెలపండి.
4. డ్రైవర్‌ను దుబాసీతో పోల్చడంలోని ఔచిత్యం ఏమిటి?
5. కంప్యూటర్ పదేపదే ఆగిపోతున్నప్పుడు మార్పులను ఒక్కొక్కటిగానే ఎందుకు చేయాలి?